ఎన్.బి.ఏ. వేసవి లీగ్ ప్లేఆఫ్ పోటీలు

ఎన్.బి.ఏ. వేసవి లీగ్ అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో సాధారణంగా జూలై నెలలో జరిగే బాస్కెట్‌బాల్ పోటీ. ఇది 2004లో ఆరు జట్లతో ప్రారంభమైనది. 2018లో మొదటిసారిగా మొత్తం 30 ఎన్.బి.ఏ. జట్లు ఇందులో పాల్గొన్నాయి. కొత్తగా ఎంపికైన యువకులు, ఇంకా ఏ జట్టుతోనూ ఒప్పందం కుదరని ఆటగాళ్ళు ఇక్కడ ఆడతారు. కావున జట్టు గెలుపుతో పాటు, ప్రధాన లీగులో చోటు సంపాదించడం కూడా వారికి ముఖ్యమే.

పోటీ విధానం

మొదట్లో విజేతను నిర్ణయించే పద్ధతి లేదు. 2013లో తొలిసారిగా నాకౌట్ పోటీలు నిర్వహించగా గోల్డెన్ స్టేట్ వారియర్స్ గెలిచింది. 2021, 2022 సంవత్సరాలలో మొదటి రెండు స్థానాలు పొందిన జట్లు నేరుగా ఫైనల్ ఆడాయి. 2023లో ప్రస్తుత పద్ధతి వచ్చింది. దీని ప్రకారం ఒక్కొక్క జట్టు నాలుగు ఆటలు ఆడిన తరువాత మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్‌కు చేరుతాయి. మిగిలిన 26 జట్లు ఐదవ ఆటతో నిష్క్రమిస్తాయి. ఆటలు నాలుగే కనుక ఒక్క ఓటమితో కూడా ప్లేఆఫ్ అవకాశం చేజారవచ్చు. గెలుపోటములు సమానమైనపుడు పాయింట్ల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అందువలన గెలుపు ఖాయమైన ఆటలో సైతం చివరి నిమిషాల పాయింట్లకు విలువ ఉంటుంది.

విశేషాలు

* 2015లో శాన్ ఆంటోనియో స్పర్స్‌ను విజేతగా నిలిపిన బెకీ హామన్, ఈ ఘనత సాధించిన తొలి మహిళా ప్రధాన శిక్షకురాలు.
* కోవిడ్ కారణంగా 2020లో పోటీలు జరగలేదు.
* 2021లో గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో పంజాబుకు చెందిన ప్రిన్స్‌పాల్ సింగ్ సభ్యుడు.
* 2024 ఫైనల్‌లో మయామి హీట్ అదనపు సమయంలో 120-118 తేడాతో మెంఫిస్ గ్రిజ్లీస్‌ను ఓడించింది.
* 2025లో షార్లెట్ హార్నెట్స్ విజేతగా నిలిచింది.