కోతిజబ్బు: ఒక వైరసు వయస్సు

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రమందు, శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపడసాగెను. కొండముచ్చులును, ఎఱ్ఱమొగపు కోతులును ఒకే తీరున కూలెను. ఆ చుట్టుపట్ల పల్లెలవారికి తీవ్రజ్వరము తగిలెను. కొందఱికి ముక్కువెంట, చిగుళ్ళవెంట నెత్తురు కాఱెను. కన్నడిగులు దీనికి ‘మంగన కాయిలె’ యని పేరిడిరి. కోతిజబ్బని అర్థము. పేరులోనే నింద కోతిపై పడినది.

పూనాలోని వైరసు పరిశోధన కేంద్రమువారు, ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికాలయందలి ఎల్లో ఫీవరు కాదుగదా యని మొదట జంకిరి. పరీక్షింపగా రష్యా దేశపు మెదడువాపు వైరసునకు దగ్గఱి చుట్టమని తేలెను. దీనిని మోయునది పిడుదు. ఎనిమిది కాళ్ళుండుటచే శాస్త్రము దానిని కీటకములలో చేర్పదు. పశువుల కాపరికి మాత్రము అదియు పురుగే. పిడుదు కఱచిన కోతి చచ్చును. దాని ఒడలినుండి రాలిన పిడుదులు కట్టెలకై పోయినవారిని పట్టును. కోతి మనవలెనే బాధితురాలు.

మఱి ఈ వైరసు ఎప్పటిది? రష్యా చుట్టఱికమును జూచి, వలసపక్షులు తెచ్చెనేమో యని ఆనాడు అనుమానించిరి. జవాబు వైరసులోనే వ్రాయబడియున్నది. దాని జన్యులిపి దాదాపు 11,000 అక్షరములు. ప్రతులు తీయుటలో కొన్ని తప్పులు దొరలును. వానిని లెక్కించి వయస్సు కట్టవచ్చును. 1957 మొదలు 2006 వఱకు మన దేశమున దొరకిన 48 వైరసులను పోల్చగా భేదము 1.2 శాతమే. వీనితో సౌదీ అరేబియాలోని దాయాదిని గూడ చేర్చి, మూలపురుషుడు 1942 నాటివాడని 2009లో ప్రకటించిరి. అనగా కోతులు చచ్చుటకు పదునైదేండ్ల ముందు! కాని 2011లో వేఱొక బృందము పూర్తి జన్యులిపులను చదివి, ఆ దాయాదులు విడిపోయి సుమారు 700 ఏండ్లైనదని చెప్పెను. మొత్తము చదివిన లెక్కయే మాకు నమ్మదగినదిగా తోచుచున్నది. అట్లైన, వైరసు ఆ సంవత్సరమున పుట్టలేదు; అడవి నఱికి, పొలములు వేసి, మందలను తోలుకొని మనమే దాని యింటికి పోయితిమి.

2012లో బందీపూరునందు, 2013లో వయనాడునందు, 2015లో గోవాయందు, 2016లో సింధుదుర్గమునందు ఆ జ్వరము కనబడెను. పాత టీకా చాలినంత రక్షణ నీయనందున 2022లో నిలిపివేయబడెను. మలెనాడు పల్లెలలో నేటికిని కోతి చచ్చెనన్న కబురు అందినంతనే ఆరోగ్యశాఖవారు ఆ చోటికి బయలుదేరుదురు.