చిల్కూరులో గేజ్ ముల్లు 28 దగ్గరే ఎందుకు ఆగుతుంది? వాక్యూమ్ పంప్ వెనక కథ

చిల్కూరులో ఒక స్ప్లిట్ ఏసీకి వాక్యూమ్ పెట్టారనుకోండి. గేజ్ మీద 30 ఇంచుల దాకా గీతలున్నాయి. ముల్లు మాత్రం 28 దగ్గర ఆగింది. గంట నడిపినా కదలట్లేదు. పంప్ పోయిందా? కొత్తది కొనాలా? ఆగండి, దీనికి జవాబు 1648లోనే దొరికింది.

అంతకు ఐదేళ్ల ముందు ఇటలీలో టోరిచెల్లి గాజు గొట్టంలో పాదరసం పోసి, గాలి బరువు దాన్ని సుమారు 30 ఇంచులు నిలబెడుతుందని చూపించాడు. అది విన్న ఫ్రాన్స్ పాస్కల్‌కి ఒక అనుమానం వచ్చింది. కొండెక్కితే పైన గాలి తక్కువ కదా, మరి పాదరసం దిగాలి కదా? 1648 సెప్టెంబరులో వాళ్ల బావ పెరియే గొట్టం పట్టుకుని ప్వీ ద డోమ్ అనే కొండెక్కాడు. పాదరసం మూడు ఇంచుల దాకా దిగింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. చిల్కూరు పక్కనే గండిపేట. వానాకాలం వార్తల్లో వింటాం కదా, ఫుల్ ట్యాంక్ లెవెల్ 1790 అడుగులు అని. అది చెరువు లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడే దాదాపు 28 ఇంచులు. ఉన్నదే 28 అయితే పంప్ 30 ఎక్కడి నుంచి లాగుతుంది? వీసా బాలాజీకి మొక్కుకుని దుబాయ్ వెళ్లిన మెకానిక్ అదే పంప్ అక్కడ పెడితే, సముద్రం ఒడ్డు కాబట్టి, ముల్లు 30కి దగ్గరగా పోతుంది.

అసలు పంప్ చేసినాయన జర్మనీలో మాగ్డెబర్గ్ మేయర్ గెరికె. మొదట చెక్క పీపాలో నీళ్లు నింపి బయటికి లాగించాడు. చెక్క సందుల్లోంచి గాలి బుసలు కొడుతూ దూరింది. మన పనిలో లీక్ అనే తలనొప్పి అక్కడే మొదలైంది చూడండి! తర్వాత రాగి గోళం పెడితే అది నలిగిపోయింది. రెండు అర్ధగోళాలు కలిపి గాలి తీస్తే 16 గుర్రాలు లాగినా రాలేదన్న కథ ఈయనదే. ఇంకో వందేళ్లకి స్కాట్లండ్‌లో కల్లెన్ ఈథర్ మీద గాలి తీసేసి మంచు చేశాడు. అంటే ఫ్రిజ్ కంటే ముందు వాక్యూమ్ పంప్ పుట్టింది.

ఒత్తిడి తగ్గితే నీళ్లు చల్లగా ఉన్నా మరుగుతాయి. 35 డిగ్రీల ఎండలో పైపులోని తేమ ఆవిరవ్వాలంటే ఒత్తిడి 42 మిల్లీమీటర్ల లోపుకి రావాలి. గేజ్ మీద ఒక్క ఇంచు అంటేనే 25 మిల్లీమీటర్లు! అసలు పనంతా ఆ చివరి రెండు గీతల మధ్య జరుగుతుంది, ముల్లుకి అది కనపడదు. అందుకే నా మాట, డబ్బులు తక్కువుంటే పెద్ద పంప్ కాకుండా చిన్న పంప్, దాంతో పాటు మైక్రాన్ గేజ్ తీసుకోండి. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. 500 లోపుకి దింపాలి.

ఇళ్లల్లో ఒకటి, రెండు టన్నుల ఏసీలకి మూడు, నాలుగు సీఎఫ్‌ఎమ్ టూ స్టేజ్ పంప్ చాలు. సన్నటి పైపు పెట్టి పది సీఎఫ్‌ఎమ్ కొన్నా లాభం లేదు. గ్యాస్ బ్యాలస్ట్ ఉందో లేదో అడగండి. 1935లో గేడె కనిపెట్టింది అది, తేమ ఆయిల్‌లో కలవకుండా కాస్త గాలితో బయటికి తోస్తుంది. ఆర్-32 ఏసీలైతే నిప్పురవ్వ రాని స్విచ్ ఉన్న పంపే తీసుకోండి, ఆ గ్యాస్ అంటుకుంటుంది.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో లాగడం ఆర్-22 రోజుల్లో నడిచిపోయింది. ఆ మినరల్ ఆయిల్ తేమని పెద్దగా పీల్చదు. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత గ్యాస్‌లు మారాయి, ఆయిల్ కూడా మారింది. ఇప్పటి పీఓఈ ఆయిల్ తేమని స్పాంజిలా పీలుస్తుంది, యాసిడ్ అయి కంప్రెసర్‌ని తినేస్తుంది. కస్టమర్‌కి అది వచ్చే ఎండాకాలం తెలుస్తుంది.

500 లోపుకి వచ్చాక వాల్వ్ కట్టేసి పంప్ ఆపి, పది నిమిషాలు మైక్రాన్ గేజ్ చూడండి. కొంచెం ఎక్కి ఆగిందా, లోపల తేమ ఉంది, మళ్లీ లాగండి. ఆగకుండా ఎక్కుతూనే ఉందా, గెరికె పీపాలాగే ఎక్కడో లీక్ ఉంది, ముందు ఫ్లేర్ నట్లు చూడండి.