అలసటకి సాక్ష్యం ఎవరు?
చెల్లికి మూడేళ్లుగా తీరని అలసట, ఆందోళన. 'అంతా మనసులోనే' అన్నారు డాక్టర్లు. ఈ మాటకి చరిత్ర ఉంది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది జబ్బుపడ్డారు. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు రోగుల్ని చూడకుండానే, కాగితాలు చదివి దాన్ని సామూహిక హిస్టీరియా అన్నారు. బాధితుల్లో స్త్రీలు ఎక్కువ కావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే చికిత్సని బ్రిటన్ మార్గదర్శకాలు 2021లో గానీ వదల్లేదు.

యోగా నేర్పే నేనూ 'ఇంకొంచెం ప్రయత్నించు' అన్నదాన్నే. మర్నాడు తను మంచం దిగలేదు. ఇప్పుడు కుర్చీలోనే కూర్చుని చేతులు కదుపుతుంది, ఊపిరి నెమ్మదిగా వదులుతుంది. ఆందోళన కాస్త సద్దుమణుగుతుంది. జబ్బు నయమవుతుందని నేననను. ఎప్పుడు ఆపాలో తనే చెబుతుంది. నేను నమ్ముతాను.