లెక్కకు తక్కువైన ఏడు పాళ్లు

రాళ్లను ఏరి, కడిగి, పేరు వ్రాసి పెట్టెలలో దాచుకొనువారిని చూచి లోకము నవ్వుట క్రొత్తగాదు. రత్నములను కూర్చినవానిని ధనికుడందురు; పాతనాణెములను కూర్చినవానిని చరిత్రకారుడందురు; గనిరాళ్లను కూర్చినవానిని మాత్రము వెఱ్ఱివాడందురు. ఆ వెఱ్ఱి లోకమునకు చేసిన మేలెట్టిదో తెలుపు కథ యొకటి శాస్త్రచరిత్రలో కలదు. దానినే నేడు మనము ముచ్చటించుకొందము. కథకు నాయకస్థానమున నున్నది ఆర్జిరొడైటు అను అరుదైన ఖనిజము. రంగస్థలము జర్మనీ దేశమున సాక్సనీ సీమలోని ఫ్రైబర్గు పట్టణము.

ఫ్రైబర్గు పరిసరములందు 1168 ప్రాంతమున వెండి బయల్పడినది. నాటినుండి ఎన్నో శతాబ్దములు ఆ నేలను మనుష్యులు త్రవ్వుచునే యుండిరి. గనిపనికి కండబలము చాలదు, శాస్త్రజ్ఞానము కూడ కావలెనని గ్రహించి 1765లో అచ్చట ఒక గనివిద్యాలయమును నెలకొల్పిరి. అబ్రహాం వెర్నెర్ అను పండితుడు 1775 మొదలు 1817లో మరణించువరకు అందు బోధించెను. రంగు, మెఱుగు, కాఠిన్యము, విరిగెడి తీరు, బరువు మున్నగు గుణములను బట్టి ఖనిజములను గుర్తించు పద్ధతిని ఆయన దేశదేశములనుండి వచ్చిన శిష్యులకు నేర్పెను. ఇట్టి చదువునకు పుస్తకమొక్కటియే చాలదు. రాయి చేతిలో నుండవలెను. అందుచేత ఆ విద్యాలయమున గ్రంథాలయమెంతయో ఖనిజసంగ్రహమును అంతటిదే యైనది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. గనియజమానికి వెండిరాయి యనగా వెండియే. దానిని పొడిచేసి కొలిమికి పంపుట ఆయన వృత్తి. కొలిమికి రూపముతో పనిలేదు. కొండకడుపున వేలయేండ్లు మెల్లగా పెరిగిన స్ఫటికమును, వట్టి మట్టిబెడ్డను అది ఒక్క తీరుననే కరగించును. సంగ్రహకుడు ఆ రాతిని కొలిమిత్రోవలో అడ్డగించి, "ఇది యేమి?" అని ప్రశ్నించును. ఆ ప్రశ్న వేయువాడు లేనిచోట ఎన్ని వింతలు బూడిదలో కలిసిపోయినవో ఎవరు లెక్కింపగలరు?

1885లో ఫ్రైబర్గు చెంతనున్న హిమ్మెల్స్‌ఫూర్స్టు గనిలో క్రొత్తరకపు వెండిరాయి యొకటి బయల్పడినది. ఆ గని పేరునకు స్వర్గాధిపతి యని అర్థము. రాయి ఉక్కువంటి బూడిదవన్నె కలిగి, అందు ఇంచుక ఎఱుపుచాయ తోచుచుండెను. సన్నని స్ఫటికములు గుంపులుగా చేరి, పులిపిరులవలె రాతిపై పొదిగియుండెను. గనివిద్యాలయమున ఖనిజశాస్త్రాచార్యుడగు ఆల్బిన్ వైస్‌బాఖ్ దానిని పరీక్షించి, ఇదివరకెఱిగిన వెండిఖనిజములలో ఇది ఏదియు కాదని తేల్చెను. గ్రీకుభాషలో వెండికి ఆర్గిరోస్ అని పేరు. ఆ మాటనుండియే ఆర్జిరొడైటు అను నామము పుట్టినది.

పేరు పెట్టినంతమాత్రమున పని తీరదు. రాతిలో ఏయే మూలకములు ఎంతెంత యున్నవో తెలియవలెను. ఆ భారము అదే విద్యాలయమున రసాయనాచార్యుడగు క్లెమెన్స్ వింక్లర్ పైన పడినది. ఆయన ఫ్రైబర్గు పట్టణముననే 1838లో జన్మించినవాడు. వింక్లర్ రాతిని కరగించి తూచి చూడగా నూటికి డెబ్బదియైదు పాళ్లకు దగ్గరగా వెండియు, పదునేడు పాళ్లు గంధకమును, స్వల్పముగా ఇనుము, తుత్తునాగము, పాదరసమును తేలినవి. అన్నియు కలిపినను మొత్తము నూరు కాలేదు; ఇంచుమించు ఏడు పాళ్లు తక్కువ వచ్చినది. మరల చేసెను, మరల అంతియే. ఎన్నిమార్లు చేసినను ఆ ఏడు పాళ్లు చిక్కలేదు.

ఇట్టి సమయముననే మనుష్యుని శీలము తెలియును. తూనికలో దోషమనియో, రాయి శుద్ధమైనది కాదనియో సరిపెట్టుకొనుట మిక్కిలి సులభము. వింక్లర్ అట్లు సరిపెట్టుకొనలేదు. తక్కువైన ఏడు పాళ్లు ఎవరును చూడని మూలకమే యని నమ్మి, నెలలతరబడి దానిని వెదకెను. తనకు తెలిసిన మార్గములన్నియు త్రొక్కి విసిగిన పిమ్మట, ఖనిజసారము గల ద్రావణములో ఉదజహరికామ్లమును మిక్కుటముగా పోయగా తెల్లని అవక్షేపము పేరుకొనినది. ఆమ్లము కొలదిగా నున్నంతకాలము అది ద్రావణముననే దాగి, ఆయన కన్నుగప్పుచు వచ్చినది. 1886 ఫిబ్రవరి 6వ తేదీన క్రొత్త మూలకము ఆయన చేత చిక్కినది. తన దేశము పేరిట దానికి జెర్మేనియము అని నామకరణము చేసెను.

ఈ మూలకము రాకకై ముందుగనే ఆసనము వేసియుంచినవా డొకడు కలడు. అతడు రష్యా దేశీయుడగు మెండెలీవ్. మూలకములను పరమాణుభారముల క్రమమున పట్టికగా కూర్చినప్పుడు అందు కొన్ని గడులు ఖాళీగా మిగిలినవి. ఆ గడులలోనికి రావలసిన మూలకముల గుణములను 1871లోనే ఆయన వివరముగా వ్రాసిపెట్టెను. వానిలో రెండు, గేలియము 1875లోను, స్కాండియము 1879లోను దొరకినవి. మూడవదానికి ఆయన పెట్టిన పేరు ఏకసిలికాన్. మన సంస్కృతములోని 'ఏక' శబ్దమును ఆయన ఇట్లు వాడుకొనుట మనకు ముచ్చట గొలుపును. దాని పరమాణుభారము 72, విశిష్టగురుత్వము 5.5 ఉండునని ఆయన ఊహ. వింక్లర్ తూచి చూచినప్పుడు భారము 72.32, విశిష్టగురుత్వము 5.47 వచ్చినవి. కన్నెత్తి చూడని వస్తువును గూర్చి ఇంత సూక్ష్మముగా చెప్పుట జోస్యము కాదు, శాస్త్రము. అయినను వింతయేమనగా, ఈ క్రొత్త మూలకము ఏ గడిలోనిదో తొలుత వింక్లర్‌కును తోచలేదు, మెండెలీవ్‌కును తోచలేదు. గుణములు ఒక్కొక్కటిగా తేలిన పిమ్మటనే అది ఏకసిలికాన్ అని నిశ్చయమైనది.

కథ ఇంతటితో ముగియలేదు. ఫ్రైబర్గులో దొరకిన స్ఫటికములు మిక్కిలి చిన్నవి. కొలుచుటకు అంత అనువైనవి కావు. వానిని చూచి వైస్‌బాఖ్ ఈ ఖనిజము ఏకనతవర్గమునకు చెందినదని వ్రాసెను. తరువాత అమెరికా గని ఇంజనీరును, ప్రసిద్ధ సంగ్రహకుడును అగు ఫ్రెడరిక్ కాన్‌ఫీల్డుద్వారా దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశపు రాళ్లు యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు శామ్యూల్ పెన్‌ఫీల్డు చేతికి వచ్చినవి. వాని స్ఫటికములు స్పష్టముగా సమఘనవర్గపు రూపము దాల్చియుండెను. ద్రవ్యము ఒక్కటియే, రూపము వేరు. కావున ఇది వేరు ఖనిజమని తలచి 1893లో పెన్‌ఫీల్డు దానికి కాన్‌ఫీల్డైటు అని పేరిడెను. అంతలో వైస్‌బాఖ్ మంచి స్ఫటికములను చూచి, ఫ్రైబర్గు ఖనిజమును సమఘనమే యని తన మాటను దిద్దుకొనెను. పెన్‌ఫీల్డు వెంటనే తానిచ్చిన పేరును ఉపసంహరించి, 1894లో బొలీవియానుండియే వచ్చిన, తగరము మెండుగా గల మఱియొక ఖనిజమునకు దానిని మార్చెను. ఇద్దరు పండితులు వాదములేక సత్యమునకు తలయొగ్గిరి. వారిని ఒప్పించినది తర్కము కాదు. విరుగక, చెడక చేతికందిన కొన్ని చక్కని స్ఫటికములు.

మేలైన స్ఫటికమునకు సంగ్రహకులు ఇంత విలువ యేల ఇత్తురో దీనివలన తెలియుచున్నది. అది కంటికి పండుగ యగుట యొక కారణము. ఆ ఖనిజముయొక్క అంతర్నిర్మాణమును పైకి చాటు సాక్ష్యమగుట అంతకు మించిన కారణము. ఆర్జిరొడైటును కాపాడుట సులభము కాదు. కాఠిన్యపు కొలతలో పదింటికి రెండున్నర మాత్రమే కలది. ఇంచుక ఒరసికొన్నను అంచులు చెడును, తాకిడికి పెళుసుగా విరుగును. కాలము గడచినకొలది పైమెఱుగు మాసి నల్లబడును. రాతికంటె పదిలముగా కాపాడవలసినది మఱియొకటి కలదు: ఏ గనిలో, ఎప్పుడు దొరకినదో తెలుపు చీటి. చీటి పోయిన రాయి ఊరు పేరు మఱచిన బాటసారివంటిది; అందముండును గాని సాక్ష్యము చెప్పజాలదు. కాన్‌ఫీల్డు తన జీవితమంతయు కూర్చిన సంగ్రహము 1926లో ఆయన మరణానంతరము అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చేరినది. ఫ్రైబర్గులో వెండిగనులు మూతపడినవి, కొలిములు చల్లారినవి, ఖనిజసంగ్రహములు మాత్రము నిలిచియున్నవి. 2008లో అచ్చటి ఫ్రాయిడెన్‌స్టైన్ కోటలో లోకమందలి ఖనిజములతో మఱియొక గొప్ప ప్రదర్శనశాలయు వెలసినది.

రేడియో శ్రోతలకు ఈ కథతో చుట్టరికము కలదు. ఆదికాలపు రేడియోలలో ధ్వనిని పట్టియిచ్చినది గెలీనా యను సీసపు ఖనిజస్ఫటికము. అట్టి సాధనమునకు మన జగదీశచంద్ర బోసు 1904లో అమెరికాలో పేటెంటు పొందెను. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెన్ అనువారు నిర్మించిన తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియపు స్ఫటికముతో చేసినదే. గోడప్రక్క బల్లపై కూర్చుండిన రేడియో జేబులోనికి, పొలముగట్టునకు వచ్చుటకు అదియే మార్గము తెరచినది. తరువాత ఆ స్థానమును సిలికాన్ ఆక్రమించినను, దూరవాణిని మోయు గాజుతంతులలోను, పరారుణ కిరణములను చూపు కటకములలోను జెర్మేనియము నేటికిని పనిచేయుచున్నది. దానిని ఇప్పుడు తుత్తునాగపు ఖనిజములనుండియు, బొగ్గుబూడిదనుండియు తీయుచున్నారు. ఆర్జిరొడైటును కరగింపవలసిన అవసరము లేదు. మొదట దొరకిన నాడు దానిని వెండికొఱకే కరగించియున్నచో ఆ ఏడు పాళ్లు పొగలోను చిట్టెములోను కలిసిపోయి, మెండెలీవ్ గడి మఱి యెన్నాళ్లు ఖాళీగా నుండెడిదో!