కీళ్ల సంరక్షణ: విశ్రాంతి నుంచి కదలికకు

కీళ్లను రోజూ కదిలించాలని నేటి వ్యాయామ పాఠాల్లో మీరు చదువుతారు. 19వ శతాబ్దంలో ప్రబలంగా ఉన్న అభిప్రాయం వేరు. లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ 1875 నాటి గ్రంథంలో జబ్బుపడిన కీలుకు దీర్ఘకాలం, నిరంతరాయంగా విశ్రాంతినివ్వాలన్నాడు. క్షయకు మందులు లేని కాలంలో అది సహేతుకమే. కాని ఎక్కువకాలం కట్టులో ఉన్న కీలు బిగుసుకుపోతుంది.

టొరంటోలో రాబర్ట్ సాల్టర్ బృందం కుందేళ్లపై జరిపిన ప్రయోగాల ఫలితాలను 1980లో ప్రచురించింది. కట్టులో ఉంచిన కీళ్లకంటే కదిలించిన కీళ్లలోనే మృదులాస్థి బాగా మానింది. కారణాన్ని గమనించండి: మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు, దానికి ప్రధానంగా కీలులోని ద్రవమే పోషణ. కదలిక ఆ ద్రవాన్ని మృదులాస్థికి చేరుస్తుంది.

అందుకే భుజం, తుంటి, మోకాలు, చీలమండలను నొప్పి లేనంత మేర రోజూ కదిలించండి. కీలు వాచి, జ్వరం ఉంటే ముందు వైద్యుని సంప్రదించండి.

అభ్యాసం: థామస్, సాల్టర్‌ల దృక్పథాలను పోల్చండి.