మిషనరీ శిక్షణ కేంద్రం, ప్రోవో

అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో నగరంలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం చెంత ఉన్న సంస్థ ఇది. మోర్మన్ చర్చిగా పేరుపడిన లేటర్-డే సెయింట్స్ చర్చి తన యువ ప్రచారకులకు తొలి వారాల శిక్షణ ఇక్కడ ఇస్తుంది. 1961లో విదేశీ భాషల బోధనతో మొదలైన ఏర్పాటు 1976లో సొంత ప్రాంగణానికి మారి, 1978లో ప్రస్తుత పేరు పొందింది. ఇక్కడ 50కి పైగా భాషలు నేర్పుతారు. 2012లో కనీస వయసును యువకులకు 18, యువతులకు 19 ఏళ్లకు తగ్గించడంతో, చాలామందికి పాఠశాల చదువు ముగిసీ ముగియగానే ఇల్లు విడిచి వచ్చే వీలు కలిగింది.

ఇంటికి దూరం చేయడమే ఈ శిక్షణకు మూలబలమని చాలామంది భావిస్తారు. చరిత్ర దీన్ని బలపరచదు. ప్రచారకులకు ఒకప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లే దక్కిన, ఇంటివారితో ఫోను మాటలను 2019లో వారానికోసారి అనుమతించారు. 2020లో కోవిడ్ వల్ల తరగతులు ఆన్‌లైన్‌కు మారినా శిక్షణ ఆగలేదు. అసలు బలం ఎప్పుడూ వెంట ఉండే తోటి ప్రచారకుడితో జోడీలోనూ, తొలి రోజుల నుంచే కొత్త భాషలో బోధన సాధన చేయించడంలోనూ ఉంది. అలాగైతే ప్రాంగణం ఎందుకన్న ప్రశ్న సహజమే. జోడీ జీవనం తెరమీద అలవడదు. అందుకే తొలి భాగాన్ని ఆన్‌లైన్‌లో ఉంచినా ముఖాముఖి శిక్షణను 2021లో పునరుద్ధరించారు. జోడీ నియమం నిఘాగా మారుతుందన్న విమర్శలోనూ నిజముంది: తోడునిచ్చే నియమమే ఏకాంతాన్నీ హరిస్తుంది. అయినా ఈ శిక్షణలో దూరం సడలించదగినదనీ, తోడు, భాషాభ్యాసాలే అనివార్యమనీ తేలుతుంది.