పుట్టినరోజు పండగకు బడి ఇచ్చిన చేతిపని

పుట్టినరోజుకు పదిమంది పిల్లల్ని ఇంటికి పిలిచి, రంగు కాగితాలు, జిగురు, మొన మొద్దుబారిన కత్తెరలు ముందు పెట్టి, కిరీటాలో పులి ముఖాలో చేయించడం నగరాల్లోని తెలుగు ఇళ్లకూ ఇప్పుడు కొత్త కాదు. కేకుతో పాటే ఇదీ దిగుమతి అయిన సరదా అనుకుంటాం. కానీ ఈ రెండూ ఒకే దారిన వచ్చినవి కావు. కొవ్వొత్తుల కేకు పెద్దవాళ్ల వైభవం. జర్మనీలో 1746లో కౌంట్ జిన్‌జెండార్ఫ్ పుట్టినరోజుకు, పొయ్యిలో పట్టినంత పెద్ద కేకు చేసి, ఆయన వయసెంతో అన్ని కొవ్వొత్తులు గుచ్చారు. చేతిపని దారి వేరు, అది బడి నుంచి ఇంటికి వచ్చింది. ఈ మూలం తెలిస్తే, వేడుకకు ముందు తల్లిదండ్రులు చేసుకునే ఏర్పాట్లలో ఏది ముఖ్యమో కూడా తేలుతుంది.

జర్మనీలోనే, తురింజియాలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఒక సంస్థ నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఉన్ని బంతులు, చెక్క దిమ్మలతో ఆడించాక పిల్లల చేత వరుసగా కొన్ని పనులు చేయించేవారు: కాగితం మడవడం, కత్తిరించడం, రంగు పట్టీలను చాపలా అల్లడం, అట్ట మీద సూదితో పొడిచిన బెజ్జాల వెంట దారం కుట్టడం, నానిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఇళ్లు కట్టడం, మట్టి పిసికి బొమ్మలు చేయడం. నేటి పుట్టినరోజు బల్ల మీది పనుల్లో చాలావాటికి మూలం ఈ జాబితాలో దొరుకుతుంది. ప్రష్యా ప్రభుత్వం 1851లో ఈ బడులను నిషేధించి, 1860 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఈలోగా జర్మన్ వలసదారులు ఆ పద్ధతిని అమెరికా చేర్చారు. 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో మార్గరేట్ షుర్జ్, 1860లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీ కిండర్‌గార్టెన్లు తెరిచారు. అక్కడి ఉపాధ్యాయినులు తల్లుల కోసం కూడా సమావేశాలు పెట్టేవారు. బడి పని ఇంటి గడప దాటి లోపలికి రావడానికి అదొక ముఖ్యమైన దారి అని నా నమ్మకం. పుట్టినరోజు పాట కూడా ఆ వైపే వేలు చూపుతుంది. దాని బాణీ కెంటకీలోని లూయీవిల్‌కు చెందిన మిల్డ్రెడ్ హిల్, ప్యాటీ హిల్ అనే అక్కచెల్లెళ్లు కిండర్‌గార్టెన్ పిల్లల కోసం కట్టి, 1893లో అచ్చు వేయించిన ఉదయపు పలకరింపు పాటది.

ఇదంతా కాగితం కంపెనీలు సరుకు అమ్ముకోవడానికి పుట్టించిన అలవాటే కదా అని ఎవరైనా అడగవచ్చు. వ్యాపారం పాత్ర చిన్నది కాదు. ఆటవస్తువుల తయారీదారు మిల్టన్ బ్రాడ్లీ 1869లో కిండర్‌గార్టెన్ మార్గదర్శిని అచ్చువేశాడు, ఆ బడులకు కావలసిన సామగ్రీ తయారుచేశాడు. ఎనిమిది రంగుల క్రేయాన్ల పెట్టె 1903లో అయిదు సెంట్లకే వచ్చింది. అయితే బ్రాడ్లీని ఈ దారి పట్టించింది పీబాడీ నడిపిన కిండర్‌గార్టెన్ ఉద్యమం. ఇక్కడ ఆలోచన ముందు, అంగడి తర్వాత. అంగడి తన సొంత లెక్కన నడిచిన చోట ఏం జరిగిందో డెనిసన్ కంపెనీ చూపిస్తుంది. క్రేప్ కాగితం అమ్మకాల కోసం 1909 నుంచి అది తెచ్చిన హాలోవీన్ పుస్తకాలు, ఇల్లు ఎలా అలంకరించాలో విందు ఇచ్చే పెద్దలకు చెప్పాయి. అక్కడ కత్తెర పెద్దల చేతికి వెళ్లింది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. తెలంగాణలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, జాజుతో అలికి, ముగ్గులు వేసి, పూలు పెట్టి ఆడతారు. కోస్తాలో సంక్రాంతి నెలలో గొబ్బెమ్మలు పెడతారు. పిల్లల చేతిపనిని వేడుక చేసుకోవడం మనకు ఫ్రోబెల్ నేర్పాలా? అక్కర్లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ ఆ పనులకు సమయం నిర్ణయించేది రుతువు, తిథి. వాటి ఫలితం ఊరిది, దేవతది. పుట్టినరోజున మన ఇళ్లలో బిడ్డ చేసేది తక్కువ, అందుకునేదే ఎక్కువ: తలంటు, కొత్త బట్టలు, హారతి, అక్షింతలు, పాయసం. ఒక్క బిడ్డ కోసం తోటి వయసు పిల్లలు కూడి, ఎవరికి వారు చేసుకున్నది ఎవరింటికి వారు పట్టుకెళ్లడం వయసు వారీ తరగతులున్న బడి నేర్పిన పొందిక.

అయితే ఆ బడి కూడా తప్పు చేసింది. ఫ్రోబెల్ శిష్యులు ఆ పనులను మెట్టు తర్వాత మెట్టుగా, టీచరు చెప్పిన మడతే మడవాలన్నంత కట్టుదిట్టంగా మార్చేశారు. దానిపై తిరగబడినవాళ్లలో లూయీవిల్‌లోని ఆనా బ్రయన్, ఆమె శిష్యురాలైన ఆ ప్యాటీ హిల్ ముందున్నారు. వస్తువులు పిల్లల ముందు పెట్టి, ఏం చేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వాలన్నది వాళ్ల పట్టు. ఈ తగవు మన బల్లల మీద ఇంకా నడుస్తోంది. ముందే కత్తిరించి, అంకెలు వేసి, ఒకే బొమ్మ వచ్చేలా అమ్మే కిట్‌లు పాత కట్టుదిట్టానికి వారసులు. కుప్పగా పోసిన కాగితాలు, అట్టపెట్టెలు, దారాలు లూయీవిల్ వాళ్ల వైపువి. తీరిక లేని తల్లిదండ్రులు కిట్ కొనడాన్ని తప్పుపట్టలేం. అయినా పదిమంది పిల్లలు పది రకాల పులులు చేసిన బల్లే నా దృష్టిలో బాగా ఏర్పాటు చేసిన బల్ల.